ఈసారి పాంటో నీ చేతుల్లో

చిట్టితల్లికి,

మామయ్య ఆశీస్సులు. మీ ఊరి నాటక బృందం ఈ జనవరి పాంటో, అదే పిల్లల చేత కేకలు వేయిస్తూ నవ్వించే పాటల నాటకం, డైరెక్షన్ నీకు అప్పగించిందని, అదీ 'జాక్ అండ్ ది బీన్‌స్టాక్' అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఇంగ్లండ్ వచ్చిన రెండో ఏడు మా ఊరి చర్చి హాల్లో తెర లాగేవాడిగా చేరాను. ఇప్పటికి ఇరవై రెండు పాంటోలయ్యాయి. తెలిసింది నీకు చెప్పకుండా ఎలా ఉంటాను?

అన్నిటికంటే ముందు ఇది. పాంటోలో సగం డైలాగులు స్క్రిప్టులో ఉండవు, పిల్లల నోట్లో ఉంటాయి. దయ్యం వచ్చి నిలబడితే "నీ వెనకాలే!" అని అరిచేది వాళ్లు. విలన్ "కాదు" అంటే "అవును" అని హాలు అదరగొట్టేది వాళ్లు. రిహార్సల్ ఖాళీ హాల్లో జరుగుతుంది కాబట్టి, ఆ అరుపులకి వదలాల్సిన చోటుని మనవాళ్లు మింగేసి పరుగెత్తడం అలవాటు చేసుకుంటారు.

నా మూడో ఏడు మొదటి ఆటలో ఇదే జరిగింది. ముందు వరసలో ఐదేళ్ల పాప ఒకతె కుర్చీ ఎక్కి నిలబడింది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. ఈలోగా మా నటుడు తర్వాతి డైలాగు అందుకున్నాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, పాప మెల్లగా కూర్చుండిపోయింది. ఆట అయ్యేదాకా మళ్లీ నోరు విప్పలేదు. వింగ్‌లో తాడు పట్టుకుని నేను చూస్తూనే ఉన్నాను. ఆ మొహం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అందుకని రిహార్సల్స్ మూడో వారం నుంచే నలుగురిని కింద కూర్చోబెట్టి అరిపించు. ఒకరోజు గొంతు చించుకోమను, ఒకరోజు కిక్కురుమనొద్దను. రెండిటికీ నటులు సిద్ధపడాలి. అరుపు పైకి లేచి, దిగడం మొదలైనప్పుడు డైలాగు అందుకోవాలి. పూర్తిగా చల్లారేదాకా ఆగితే ఊపు పోతుంది.

ఇక డేమ్, అంటే పాంటోలో నవ్వించే ఆడవేషం. జాక్ తల్లి వేషం మగవాడే కట్టాలి, జాక్ వేషం అమ్మాయికిస్తే ముచ్చటగా ఉంటుంది. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి మీ తాతయ్య చెప్పని రోజు లేదు. ఎదురుగా ఉన్నది మగవాడన్న సంగతి మరిపించడం స్థానం వారి గొప్పతనం. డేమ్ పని దానికి సరిగ్గా ఎదురు. ఆ బొంగురు గొంతు, ఆ అంగలు ఒక్క క్షణం కూడా మరుపుకు రాకూడదు. అలాగని ఆడవాళ్లను వెక్కిరించే వేషం కాదది. అద్దె కట్టలేక ఇంట్లో ఆవుని అమ్ముకునే మనిషి ఆవిడ. ఆవు గుమ్మం దాటుతుంటే ఆ కళ్లలో నీళ్లు నిజంగా తిరగాలి. ఆ ఒక్క నిమిషం చేయగలవాణ్నే ఎంచుకో, నవ్వించడం ఎవరికైనా నేర్పొచ్చు.

విలన్ని ఎప్పుడూ ప్రేక్షకుల కుడివైపు నుంచి, మంచి దేవకన్యని ఎడమవైపు నుంచి రానివ్వు. పాతకాలం నుంచి వస్తున్న పద్ధతి, పిల్లలకి రెండో సీన్‌కే పట్టుబడుతుంది.

ఒకరి మీద ఒకరు నురగ పూసుకునే సీన్ పెడతావుగా? క్రీమ్ జోలికి పోకు, జిడ్డు వదలదు. షేవింగ్ సబ్బు తురిమి గోరువెచ్చని నీళ్లలో గిలక్కొట్టు. కింద పట్టా పరిచి, సీన్ అవగానే పట్టాతో సహా చుట్టి లాగేయాలి. తడి నేల మీద ఒకే ఆవు వేషంలో దూరిన ఇద్దరూ జారితే ఆపడం మన తరం కాదు.

చివర్లో పిల్లలతో పాడించే పాటని తీసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ముందు తెర దగ్గర ఆ పాట నడుస్తుంటేనే వెనక పెళ్లి సెట్టు లేస్తుంది, అందరూ పెళ్లి బట్టల్లోకి మారతారు. రిహార్సల్లో గడియారం పెట్టి చూసుకో. మా వాళ్లకి ఏడు నిమిషాలు పట్టేది.

కాగితాల పని వాయిదా వేయకు. స్క్రిప్టు కొన్నంత మాత్రాన ఆడే హక్కు రాదు, ఆట ఆటకీ ఫీజు కట్టాలి. స్టేజి ఎక్కే పిల్లలకి లైసెన్సు కావాలో వద్దో ఇప్పుడే కౌన్సిల్‌ని అడుగు. కావాలంటే కనీసం 21 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. వాళ్లని చూసుకునే మనిషి ఒక్కొక్కరికి పన్నెండు మంది పిల్లలకు మించి ఉండకూడదు.

నాటకంలో ఆఖరి రెండు పద్యపాదాలు మొదటి ఆటదాకా ఎవరూ పైకి చదవకూడదన్న ఆనవాయితీ ఉంది. మీవాళ్లు పాటిస్తామంటే నువ్వూ పాటించు. నమ్మకాల సంగతి ఎలా ఉన్నా, ఆ రాత్రి ఆ రెండు పాదాలు మొదటిసారి విన్నప్పుడు నటులకే ఒళ్లు పులకరిస్తుంది.

శనివారం మ్యాటినీకి అత్తయ్యా నేనూ వస్తున్నాం. ముందు వరస టికెట్లు వద్దమ్మా. పిల్లల వెనక వరసలో రెండు కుర్చీలు ఉంచు.

మామయ్య