ఫీజు తీసేస్తే సరిపోతుందా?

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ సెకండియర్. డ్రామా అంటే పిచ్చి. చదువయ్యాక కమ్యూనిటీ డెవలప్‌మెంట్‌లోకి వెళ్లి, డబ్బుల్లేని పిల్లలకి కూడా అందేలా ఆర్ట్స్ ప్రోగ్రామ్స్ పెట్టాలనుంది. ఫ్రీ అంటే అందరూ వచ్చేస్తారు కదా? ఇంట్లోవాళ్లేమో పాటలూ ఆటలతో ఊరు బాగుపడుద్దా అని నవ్వుతున్నారు.

జవాబు: నవ్వనీ చెల్లీ. వెనిజులాలో 1975లో హోసే ఆంటోనియో అబ్రేయు మొదలెట్టిన ఎల్ సిస్టెమా అనే సంగీత శిక్షణ ప్రోగ్రామ్, ఆర్కెస్ట్రా సంగీతాన్ని పేద పిల్లల దాకా తీసుకెళ్లింది, తర్వాత చాలా దేశాలు ఆ దారి పట్టాయి (విమర్శలూ ఉన్నాయిలే, అవీ చదువు). 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 31వ ఆర్టికల్ ఆటలూ కళలూ పిల్లల హక్కే అంటది, అది ఇంట్లో చూపించు.

ఇక ఫ్రీ సంగతి. ఫీజు తీసేస్తే పని సగం కూడా అవ్వదు. వచ్చిపోయే ఛార్జీలెవరిస్తారు, సాయంత్రం తమ్ముణ్ణి చూసుకోవాల్సిన అమ్మాయి ఎలా వస్తది, వీల్‌చైర్‌లో ఉన్న పిల్లాడు మెట్లెలా ఎక్కుతాడు, వినపడని పిల్లలకి సైన్ లాంగ్వేజ్‌లో ఎవరు చెప్తారు... ఇవన్నీ ముందే బడ్జెట్‌లో రాసుకోకపోతే చివరికి వచ్చేది ఎలాగూ వీలున్న పిల్లలే. ఏం నేర్పాలో కూడా నువ్వొక్కదానివే డిసైడ్ చెయ్యకు, పిల్లల్ని కమిటీలో కూర్చోబెట్టు. బ్రెజిల్‌కి చెందిన నాటక దర్శకుడు అగస్టో బోయాల్ మొదలెట్టిన ఫోరం థియేటర్ గురించి చదువు, అందులో చూసేవాళ్లే స్టేజీ ఎక్కి కథ మార్చేస్తారు, నలుగురి సమస్య నలుగురిలో మాట్లాడించడానికి అంతకంటే మంచి పద్ధతి నాకైతే కనపడలేదు. సొంతది తర్వాత, ముందు నడుస్తున్న ప్రోగ్రామ్‌లో ఓ ఏడాది వాలంటీర్‌గా చెయ్యి, హాజరు పట్టీ రాయడం దగ్గర్నుంచి.