అన్నయ్య పేస్‌మేకర్ గాయం గురించి శ్రీనుకి

చిరంజీవి శ్రీనుకి అత్తయ్య దీవెనలు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. పేస్‌మేకర్, అదే గుండె లయ తప్పకుండా ఛాతీ చర్మం కింద అమర్చే చిన్న పెట్టె, పెట్టి పన్నెండో రోజు కదా. ఆ ఎరుపు నలుచదరంగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది చూడు. అది ప్లాస్టర్ అంటించిన మేర. కుట్టు దగ్గర మాత్రం చర్మం పొడిగా, మామూలు రంగులోనే ఉంది. దురద కూడా ఆ జిగురుదే అయ్యుండాలి. ఆసుపత్రికి ఆ ఫోటో పంపి, డ్రెస్సింగ్‌కి వెళ్లినప్పుడు వేరే రకం ప్లాస్టర్ అడుగు. ఈలోగా పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏవీ దాని దగ్గరికి రానీయొద్దు.

"పెట్టె ఒంటికి పడలేదేమో" అని చుట్టాలంతా అంటున్నారన్నావు. ఆ మాటే నన్ను ఇంత రాయిస్తోంది. వేరొకరి కిడ్నీ పెడితే ఒళ్లు దాన్ని పరాయిదని గుర్తుపట్టి మీద పడుతుంది. పేస్‌మేకర్ విషయంలో అలా జరగదు. పెట్టె పైతొడుగు టైటానియం అనే లోహం, పెట్టె నుంచి గుండెలోకి వెళ్లే తీగల మీద సిలికానో పాలీయురిథేనో తొడుగు. ఒళ్లు చేసేదల్లా కొన్ని వారాల్లో వాటి చుట్టూ ఒక గట్టి పొర అల్లుకోవడం. టైటానియం నిజంగా పడనివాళ్లు చాలా అరుదు. ఒంట్లో మొట్టమొదట పేస్‌మేకర్ అమర్చింది 1958లో, స్టాక్‌హోమ్‌లో, ఆర్నె లార్సన్ అనే ఆయనకి. 2001లో 86 ఏళ్ల వయసులో పోయేలోగా ఆయనకి ఇరవైకి పైగా పెట్టెలు మార్చారు. ఒంటికి పడనిదైతే అన్ని పెట్టేవాళ్లా?

మరి జనం "పడలేదు" అనేది దేన్ని? దాదాపు ఎప్పుడూ రెండిట్లో ఒకటి. పెట్టె ఉన్న చోట సూక్ష్మజీవులు చేరడం, లేదా పెట్టె ఒత్తిడికి పైచర్మం అరిగిపోవడం. "పడలేదు, ఏం చేస్తాం" అనుకుని ఇంట్లో కూర్చునే రోజుల్లోనే అవి ముదురుతాయి.

రోజూ పొద్దున స్నానం ముందు, కిటికీ వెలుతురులో అన్నయ్యని కూర్చోబెట్టి నువ్వే చూడు. ఆయనకి అద్దంలో సరిగా కనబడదు. ముందు చేతులు సబ్బుతో కడుక్కో. మొదటి వారం నొప్పి, నీలంగా కమలడం మామూలే. ఆ నీలం పచ్చబడుతూ, ఛాతీ కిందికి జారుతూ పోతుంది, దానికి కంగారొద్దు. రోజు రోజుకీ తగ్గుతోందా అన్నదే ప్రశ్న. తగ్గిన నొప్పి మళ్లీ మొదలైతే, కుట్టు అంచు వేడిగా ఎర్రబడితే, తడి ఊరితే, చీము చుక్క కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి. ఎర్రదనం చుట్టూ పెన్నుతో గీత గీసి, ఫోటో తీసి తీసుకెళ్లు. గీత దాటి పాకిందో లేదో డాక్టరుగారికి తెలుస్తుంది.

చర్మం కింద బన్నులా ఉబ్బి గట్టిగా ఉంటే అది చాలావరకు నెత్తురు గడ్డే. దీన్ని గురించి గట్టిగా చెబుతున్నాను: గాజువాకలో ఏ క్లినిక్‌లోనూ సూది పెట్టి లాగించొద్దు. ఆ సూదితోనే బయటి క్రిములు పెట్టె దాకా వెళ్తాయి. పెద్ద గడ్డ కట్టినవాళ్లకి తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం మిగతావాళ్ల కంటే ఏడు రెట్ల పైనే. చాలా గడ్డలు వాటంతట అవే కరుగుతాయి. చర్మం లాగినట్టు మెరుస్తుంటే, నొప్పి ఓర్చుకోలేకపోతుంటే పెట్టిన డాక్టరే ఆపరేషన్ థియేటర్లో తెరిచి తీస్తారు. అన్నయ్య వాడే రక్తం పలచబడే మందు ఆపాలా, కొనసాగించాలా అన్నదీ ఆయనే చెప్పాలి. మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా మానొద్దు.

ఇన్ఫెక్షన్ ఎందుకంత గొడవంటే, నీళ్ల తొట్టి గోడకి పాకుడు పట్టినట్టు క్రిములు ఆ లోహానికి జిగటగా పట్టుకుంటాయి. యాంటీబయోటిక్ నెత్తురుతో ప్రయాణిస్తుంది, లోహంలో నెత్తురు ప్రవహించదు కదా. అందుకే పెట్టె దాకా చీము చేరితే మాత్రలతో పని జరగదు. పెట్టె, గుండెలో దాకా ఉన్న తీగలు మొత్తం తీసి, రక్తం శుభ్రపడ్డాక రెండో వైపు కొత్తది పెడతారు. కుట్టు దారం దగ్గర పైపైన వచ్చే చిన్న పొక్కు వేరు, దానికి మందులు సరిపోతాయి. ఏది ఏదో ఇంట్లో తేలదు.

తిండి సంగతి. పప్పు తింటే, గుడ్డు తింటే చీము పడుతుందని మీ అమ్మ చారన్నమే పెడుతోందట. వదినకి నా మాటగా చెప్పు: చీము పట్టేది క్రిములతో, పప్పుతో కాదు. గాయం పూడటానికి మాంసకృత్తులు కావాలి. పూటకో గరిటె ముద్దపప్పు, రోజూ ఒక గుడ్డు, వారంలో రెండు మూడుసార్లు వంజరం పులుసు నిశ్చింతగా పెట్టమను. జాగ్రత్త పడాల్సింది షుగరు దగ్గర. అది ఎక్కువుంటే గాయం మానదు, క్రిములకీ అదే అదను.

ఎడమ చెయ్యి నాలుగు నుంచి ఆరు వారాలు భుజం ఎత్తు దాటకూడదు. గుండెలో తీగ కొసలు కుదురుకునేదాకా అంతే. అయిదు కిలోలు దాటిన బరువు ఆ చేత్తో వద్దు. నిండు బకెట్టు, గ్యాస్ బండ మాటే లేదు. అలాగని చెయ్యి కట్టేసుకుని కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది. మోచెయ్యి, మణికట్టు ఆడిస్తూ, భుజం ఎత్తు లోపల మెల్లగా కదపమను. ఈ ఉక్కపోతలో పలచటి కాటన్ చొక్కా, ముందు బొత్తాలది అయితే తొడగడం తేలిక. కుట్టు తడవకుండా స్నానం. గాయం పూర్తిగా మూసుకునేదాకా ఆర్కే బీచ్‌లో సముద్ర స్నానం వద్దు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్తానంటున్నాడట, 32 కిలోమీటర్లు, ఆ తోపులాట. డాక్టరుగారు సరేనంటేనే.

సెల్‌ఫోన్ ఎడమ జేబులో పెట్టే అలవాటు మాన్పించు. పెట్టెకి కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి, మాట్లాడేది కుడి చెవితో.

గాయం మానాక అందరూ మరిచిపోతారు, అక్కడే రెండు మూడు పొరపాట్లు. పెట్టెని వేళ్లతో తడుముతూ, తిప్పుతూ ఉండే అలవాటు కొందరికి వస్తుంది. లోపల తీగ చుట్టుకుపోయి గుండెలోంచి ఊడి వస్తుంది. రెండోది చర్మం. అన్నయ్య సన్నటి మనిషి, కండ తక్కువ. నెలకోసారి చూడు: పెట్టె అంచు మీద చర్మం పలచగా, నున్నగా మెరుస్తూ, ఎర్రగానో నీలంగానో మారుతుంటే, కింద పెట్టెకి అంటుకుపోయినట్టుంటే ఇంకా పగలకముందే వెళ్లాలి. సూది మొనంత లోహం బయటికి కనబడినా లోపలంతా క్రిములు చేరినట్టే లెక్క, పైన కుట్టేస్తే సరిపోదు.

మూడోది జ్వరం. ఆరు నెలల తర్వాతైనా, ఏడాదికైనా, కారణం తెలియకుండా చలిజ్వరం వస్తే మందుల షాపులో యాంటీబయోటిక్ కొని వేయొద్దు. ముందు కల్చర్‌కి, అంటే రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్షకి, కనీసం రెండు చోట్ల నుంచి రక్తం తీయించాలి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు, అసలు జబ్బు నెలల తరబడి దాక్కుంటుంది. గాయం పైకి ఎంత బాగున్నా సరే.

డ్రెస్సింగ్‌కి వెళ్లేటప్పుడు పేస్‌మేకర్ కార్డు, మందుల చీటీలు, ఈ వారం షుగరు రాసిన కాగితం పట్టుకెళ్లు. కుట్లు కరిగేవా, తీయాల్సినవా అని అడిగి నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్య