సైకిల్ కొనే ముందు దారి చూడు

అల్లుడూ,

ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవిడకి టెన్షన్, నాకు సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన సైకిళ్ల ఫొటోలు చూశాను. వాటి సంగతి కాసేపు పక్కన పెట్టు. బెంగళూరులో నువ్వుండే ఏఈసీఎస్ లేఅవుట్ నుంచి మీ ఆఫీసున్న ఐటీ పార్కు ఐటీపీఎల్‌కి ఏ దారిన వెళ్తావో ముందు తేలాలి. దారిని బట్టే సైకిల్.

ఫోన్లో మ్యాప్ కారు వెళ్లే దారే చూపిస్తుంది. దాన్ని నడక దారికి మార్చి చూడు, సందులు బయటపడతాయి. మెట్రో పిల్లర్ల పక్కన మెయిన్ రోడ్డు దగ్గరిదే, కానీ పొద్దున తొమ్మిదికి అక్కడ బీఎంటీసీ సిటీ బస్సులు, కంపెనీ బస్సులు, క్యాబులు అన్నీ ఎడమకే వస్తాయి. అంటే నీ మీదికే. బ్రూక్‌ఫీల్డ్ దాటాక వీలైనంత వరకు కంపెనీలుండే ఈపీఐపీ జోన్ లోపలి రోడ్లు పట్టుకో. కాస్త చుట్టు తిరిగినా ఫర్వాలేదు. ఎనిమిదిలోపు బయల్దేరితే మెయిన్ రోడ్డు కూడా సగం మర్యాదగా ఉంటుంది. దారి ఖాయం చేసుకునే ముందు ఒక ఆదివారం, ఒక మంగళవారం రెండుసార్లూ తొక్కి చూడు. ఆదివారం బెంగళూరుని నమ్మి ఏదీ నిర్ణయించకు.

రోడ్డు అంచుకి అతుక్కుని తొక్కితే క్షేమం అనుకుంటారు. కాదు. కాలువ జాలీలు, ఇసుక, ఆపి ఉన్న కార్ల డోర్లు అన్నీ అంచునే ఉంటాయి. ఒక మీటరు లోపలికి జరిగి, వంకర్లు పోకుండా నిటారుగా తొక్కు. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనీ. హారన్ కొట్టాడంటే నిన్ను చూశాడన్నమాట. స్టాపులో ఆగిన బస్సుకి ఎడమవైపు నుంచి మాత్రం దూరకు, దిగేవాళ్లు అటే దిగుతారు. దగ్గర దారని రాంగ్ సైడు వెళ్లే అలవాటు అసలే వద్దు.

వాన సంగతి గట్టిగా చెప్పాలి. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లోనే సాయంత్రాలు కుండపోత మొదలవుతుంది. 2023 మేలో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన నీళ్లలో కారు మునిగి మన తెలుగమ్మాయి చనిపోయింది. అండర్‌పాస్‌లో నీళ్లు కనిపిస్తే లోతు ఎంతుందో చూద్దామని దిగకు. మామూలు రోడ్డు మీద కూడా నీళ్ల కింద మ్యాన్‌హోల్ తెరిచి ఉందో లేదో తెలియదు. వాన పడుతుంటే సైకిల్ ఆఫీసులోనే తాళం వేసి, పట్టందూరు అగ్రహారలో మెట్రో ఎక్కి కుందలహళ్లిలో దిగు, అక్కణ్నుంచి ఆటో. పర్పుల్ లైన్ 2023 నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఉంది కదా, వాడుకో.

ఇక సైకిల్. నువ్వు పంపిన వాటిలో ముందు స్ప్రింగులున్న ఎంటీబీ, అదే కొండదారుల సైకిల్, చూడ్డానికి బాగుంది, అంతే. ఆ ధరలో వచ్చే స్ప్రింగులు బరువు పెంచుతాయి, నీ బలం తింటాయి. సన్నటి టైర్ల రోడ్ బైకు ఆ జాలీల్లో ఇరుక్కుంటుంది. 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైర్లున్న మామూలు హైబ్రిడ్, అంటే ఆ రెండింటికీ మధ్యరకం, తీసుకో, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి స్ప్రింగుల్లేనిది. ఈ ఊళ్లో ఎత్తుపల్లాలున్నాయి కాబట్టి గేర్లు కావాలి, వెనక ఏడెనిమిది చాలు. ఇరవై ఒక్క గేర్లని షాపువాడు ఊదరగొడితే నవ్వి ఊరుకో. మడ్‌గార్డులు, క్యారియర్ బిగించే వీలుందో లేదో చూడు. క్యారియర్ ఉంటే ల్యాప్‌టాప్ బ్యాగు వీపు మీద మోయక్కర్లేదు, చొక్కా తడవదు.

ఇంకోటి, ఎవరూ చెప్పరు. ట్యూబు వాల్వు మోటర్‌సైకిల్‌కి ఉన్నట్టు లావుది ఉండాలి. సన్న వాల్వయితే పెట్రోల్ బంకులో గాలి పట్టరు, పంక్చర్ షాపువాడు తల గోక్కుంటాడు.

సైజు ఆన్‌లైన్‌లో చూసి కొనకు. షాపుకెళ్లి, సైకిల్‌కి చెరోవైపు కాలు వేసి నిలబడి చూడు. సైకిల్ పైకమ్మీకీ నీకూ మధ్య రెండంగుళాలు ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని, కిందికి దిగిన పెడల్ మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. సీటు తక్కువ ఎత్తులో పెట్టుకుని తొక్కేవాళ్లే నెలకి మోకాళ్ల నొప్పులని మానేస్తారు. లైట్లకీ, హెల్మెట్‌కీ, గట్టి యూ లాక్‌కీ ముందే డబ్బు తీసిపెట్టి, మిగిలినదాంట్లో సైకిల్ చూడు.

ఎలక్ట్రిక్ సైకిల్ అన్నావు. 250 వాట్ల లోపు మోటరు, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగమైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ మీ పీజీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ బరువు రోజూ నువ్వే మోయాలి. నీ దూరానికి అనవసరం.

ఈ ఆదివారం ఆరున్నరకి మీ పీజీ గేటు దగ్గరికొస్తాను. నా పాత సైకిల్ నీకిస్తా, దారి చూసొద్దాం. అప్పటిదాకా ఏదీ ఆర్డర్ పెట్టకు.

మీ మావయ్య