దాత డబ్బు తీసుకోవాలా వద్దా: మిషన్ ఎలా రాసుకోవాలి

ఆడపిల్లల చదువుకు సాయం చేసే మీ ట్రస్టుకు ఒక దాత వైద్య శిబిరాల కోసం డబ్బు ఇస్తానన్నారని, కమిటీ రెండుగా చీలిపోయిందని రాశారు. మిషన్, విజన్, విలువలు అంటూ రెండు పేజీలు ఉన్నా ఉపయోగపడలేదన్నారు. టెన్షన్ పడకండి, ముందు మిషన్‌ను, అంటే మీ ట్రస్టు ఏం సాధించడానికి ఉందో, ఒక్క వాక్యానికి కుదించండి.

మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. లక్ష్యం: నివారించగలిగే అంధత్వాన్ని లేకుండా చేయడం. అందులో ఆసుపత్రి అన్న మాటే లేదు చూడండి. కంటిలో అమర్చే దిగుమతి లెన్సులు పేదలకు అందనంత ఖరీదు కావడంతో, 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు తామే తయారు చేసుకున్నారు. ఆసుపత్రి నడపడమే లక్ష్యం అనుకుని ఉంటే ఫ్యాక్టరీ ఆలోచన వచ్చేదా? నాకు అనుమానమే.

మీకైతే నేను ఇలా రాస్తాను: "మా మండలంలో డబ్బు లేక ఏ ఆడపిల్లా పదో తరగతితో చదువు ఆపకూడదు." విజన్‌కు వేరే పేజీ అక్కర్లేదు, అది నిజమైన రోజు మండలం ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్పండి. ఇక దాత సంగతి. ఇంట్లో జబ్బుల ఖర్చు వల్లే పిల్లలు చదువు మానేస్తున్నారా? ముందు ఓ ఇరవై ఇళ్లకు వెళ్లి అడగండి. అవునంటే డబ్బు తీసుకోండి. కాదంటే దండం పెట్టి వద్దనండి.

విలువల్లో "పారదర్శకత" కొట్టేసి, "ప్రతి నెలా లెక్కలు పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తాం" అని రాయండి.