ముందు ఆ పటం ఎవరు గీశారో తేల్చుకో

చిరంజీవి కిరణ్‌కు మావయ్య ఆశీస్సులు.

అల్లుడూ, మీరు బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడే డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఆటలో కొత్త క్యాంపెయిన్, అంటే చాలా సెషన్లు సాగే కథ, పర్లాకిమిడి జమీందారీ కొండల్లో, 1912 నాటి కథగా నడుపుతానన్నావు. మ్యాపులు, ప్రాపులు (ప్లేయర్ల చేతికిచ్చే ఉత్తరాలు, కాగితాల్లాంటివి) ఎలా చెయ్యాలని అడిగావు. కాగితాలు, రంగులు కొనకముందే ఒక సంగతి తేల్చుకో: కథలో ఆ పటం ఎవరు గీశారు, ఏ అవసరానికి గీశారు? పొలాలు కొలిచే ఎస్టేటు అమీను గీస్తే శిస్తు కట్టే పొలాలు గట్లతో సహా ఉంటాయి, కొండ మీది సవర గిరిజనుల ఊళ్లకు చుక్క కూడా ఉండదు. కలప కాంట్రాక్టరు గీస్తే బండిదారులు, ఏరు దాటే రేవులు కనబడతాయి, గుళ్లు కనబడవు. ఆ ఖాళీల్లోనే నీ ఆట ఉంది. అన్నీ ఉన్న పటం చేతికిచ్చావా, ప్లేయర్లు ఊళ్లో ఎవరినీ ఏమీ అడగరు.

ఏడాది చెప్పావు గనక దానికి కట్టుబడు. నౌపడా నుంచి చిన్న రైలు 1900లో పర్లాకిమిడి చేరింది, గుణుపురం దాకా వెళ్లింది 1931లో. కాబట్టి నీ పటంలో పట్టాలు పర్లాకిమిడిలో ఆగిపోవాలి. పర్లాకిమిడి ఇప్పుడున్న ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936లో, అందుకని పై అంచున 'గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ' అని రాయి. రహస్య లిపిగా సవరల సొరంగ్ సొంపెంగ్ వాడదామనుకున్నావు చూడు, మంగై గొమాంగో దాన్ని తెచ్చింది కూడా 1936లోనే. అయినా వాళ్లు పూజించే అక్షరాలవి, నీ పజిల్‌కి వద్దు. మీ బల్ల చుట్టూ ఒడియా చదివేవాళ్లూ తెలుగు మాత్రమే వచ్చినవాళ్లూ ఉన్నారు కదా. కథలో వాళ్లకు దొరికే ఉత్తరం సగం ఒడియాలో, సగం తెలుగులో రాస్తే చాలు, ఒకరికొకరు చదివి చెప్పుకోక తప్పదు.

ప్రయాణాల పటానికి ఆరు మూలల గడులు గీసి, గడికి 6 మైళ్లు పెట్టు. మీరాడే డీ అండ్ డీ ఐదో ఎడిషన్ లెక్కన మామూలు నడక రోజుకు 24 మైళ్లు, అంటే 4 గడులు. మహేంద్రగిరి వైపు కొండా అడవీ గనక రెండే.

పోరాటపు పటానికి ఇంచి గడి అంటే 5 అడుగులు. ఇది చెడిపోయేది జిరాక్స్ షాపులో. 'ఫిట్ టు పేజ్' మీద ప్రింటు తీస్తే గడి కుంచించుకుపోతుంది, విడివిడిగా తీసిన ఏ4 కాగితాలు అతికిస్తే గీతలు కలవవు. 'యాక్చువల్ సైజ్' పెట్టమను. పటం మూల 5 ఇంచీల గీత ఒకటి వేసుకుని, మొదటి కాగితం రాగానే స్కేలు పెట్టి కొలిచి, అప్పుడు మిగతావి తీయించు. పావులుగా సోడా మూతలు వద్దు, ఇంచి గడి దాటిపోతాయి. 2011లో వచ్చిన నమూనా రూపాయి బిళ్ల 22 మిల్లీమీటర్లు, గడి 25.4. దాని మీద బొమ్మ అతికించు. అదే నమూనా రెండు రూపాయల బిళ్ల 25 ఉంటుంది, పక్కపక్కన పెడితే నెట్టుకుంటాయి. ఇంటి కొలతలు ఉన్నవున్నట్టు గీయకు. 3 అడుగుల నడవ ఈ లెక్కలో ఒక గడికి కూడా రాదు, దాన్ని 2 గడులు చెయ్యి.

పాత కాగితం కావాలంటే అంచులు కాల్చడం మాత్రం మానెయ్, నాకు చూస్తేనే చిరాకు. ఎస్టేటు ఆఫీసు కాగితం చిరిగేది మడతల దగ్గర, మాసేది చేతులు పట్టుకునే కింది మూలల్లో. 100 జీఎస్‌ఎం బాండు పేపరు తీసుకో, మామూలు జిరాక్స్ కాగితం తడవగానే చిరుగుతుంది. లేజర్ ప్రింటో జిరాక్సో అయితేనే తడుపు, ఇంక్‌జెట్ సిరా కారిపోతుంది. గ్లాసు నీళ్లలో మూడు చెంచాల టీపొడి వేసి ఐదు నిమిషాలు మరిగించి, వడకట్టి, చల్లారాక రెండు వైపులా కుంచెతో రాయి. పంచదార పడితే చీమలు పడతాయి. సగం ఆరాక బరువైన పుస్తకాల కింద పెట్టు, ఎండలో వదిలేస్తే వంకర తిరుగుతుంది. బాగా ఆరాక మూడుసార్లు సగానికి మడిచి, విప్పి, మడతల మీద సన్న గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దు.

తాటాకు మీద పటం గీయాలని చూడకు, ఆ వెడల్పు చాలదు. మజిలీల పేర్లు వరుసగా రాయి, అదే దారి చెబుతుంది. ఎండిన ఆకు మీద సూదితో గీకి, నూనెలో కలిపిన దీపపు మసి రుద్ది గుడ్డతో తుడిస్తే అక్షరాలు నల్లగా తేలతాయి. పచ్చాకు ఆరుతూ ముడుచుకుపోతుంది. లక్క ముద్ర వెయ్యాలంటే ఒత్తే బొత్తానికి ముందు కాస్త కొబ్బరినూనె రాయి, లేకపోతే లక్క దానితోనే లేచివస్తుంది.

సెషన్‌కు ఒక ప్రాపు చాలు. పోరాటం మధ్యలో ఇవ్వకు, అందరూ కాగితం మీద పడతారు, ఆట ఆగిపోతుంది. టీకి లేచే ముందు ఇవ్వు. కథ ముందుకు కదలడానికి తప్పనిసరైన సమాచారం ఆ ఒక్క కాగితంలోనే దాచకు, ఏ ముసలాయన నోటో మళ్లీ వినిపించు. పటం మాత్రం రెండు కాపీలు తీయించు. ఒకటి వాళ్లు పెన్సిలుతో నింపుకుంటారు, రెండోది నీ దగ్గర, అమీను వదిలేసిన ఊళ్లన్నీ గుర్తులు పెట్టుకుని ఉంచుకో.

ఉంటాను,
మావయ్య