మిరుగం వానకు యూరియా చల్లకు బిడ్డా

బిడ్డా,

నాగపూర్ నౌకరి విడిచి సిరొంచకు వచ్చేస్తున్నావని, ప్రాణహిత ఒడ్డున పశువుల మేతకు విడిచిన మన గడ్డి కంచె భూమిని బాగుచేసి బర్రెలు పెట్టుకుంటావని మీ బాపు ఫోన్ చేసి చెప్పిండు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో వ్యవసాయం చదివిన మొదటి ఆడపిల్లవు. ఆ చదువు పట్టుకొని మళ్లీ మన మట్టికే వస్తున్నవంటే కడుపు నిండినట్టయింది. కానీ మాటల నడుమ మీ బాపు ఇంకో ముక్క అన్నడు: "ఎరువులమ్మే కృషి సేవా కేంద్రంలో యూరియా చెప్పి పెట్టింది, మిరుగం, అదే మృగశిర కార్తె, పడంగనే చల్లుతదట." అప్పటి నుంచి గుబులు పట్టుకుంది.

ముళ్లకంప కొట్టించుడు, భూమి కాగితం సాత్‌బారాలో పేరు సరిచూసుకొనుడు నీకు నేను చెప్పేది లేదు. నాలుగు బర్రెలు ఒక్కసారే కొనకు, ముందు రెండు కొను. గొంతువాపు టీకా వానలకు ముందే వేయించు. ఇక యూరియా సంగతి చెప్తా, కుదురుగా కూర్చొని చదువు.

ఇది మీ బాపు నీకు చెప్పడు. నువ్వింకా పుట్టలేదు. అప్పట్లో ఆ కంచె నిండా కుదుళ్లు కట్టి పెరిగే గడ్డి. ఏళ్ల తరబడి అదే వేరు, కోసినకొద్దీ లేచేది. కుదుళ్ల సందుల్లో పిల్లిపెసర తీగ, అక్కడక్కడ వెంపలి, గట్టు వెంట గరిక. కొడవలి పెడితే ఒక్క పిడికిట్లోకే మూడు నాలుగు రకాలు వచ్చేవి. పిల్లిపెసర ఎక్కువున్న మోపును మీ నాయనమ్మ పాలిచ్చే బర్రెకని విడిగా కట్టేది. ఆ మోపు ఎవరు ముట్టినా ఊరుకునేది కాదు.

ఒక ఏడు మీ బాపు, ఎవరో చెప్పిన మాట పట్టుకొని, మిరుగం తొలి వానకే ఎకరానికి రెండు బస్తాల లెక్క చల్లిండు. గడ్డి చూస్తుండగానే నడుం దాటింది. నల్లగా నిగనిగలాడింది. ఊళ్లో వాళ్లు వచ్చి చూసి పోయిండ్రు, మీ బాపు నేల మీద నడవలేదు. నేను కోతకు దిగి, గడ్డిని రెండు చేతులతో పక్కకు ఒత్తి చూసిన. కింద చీకటి. పిల్లిపెసర తీగలు సన్నగా సాగి, ఆకులు పసుపు తిరిగి నేలకు అంటుకొని ఉన్నయి. పాత కుదుళ్లు నడిమిట్ల కుళ్లుతున్నయి. మీదికి లేచిందంతా గింజ నుంచి మొలిచి ఏడాదికే చచ్చే మోటు గడ్డి, అదీ ఒకటి రెండు రకాలే.

అంతలో వాన ఎగ్గొట్టింది. ఆకు వాడింది. ఎండకముందే కోసేద్దామని మీ బాపు ఆ పచ్చి గడ్డే తెచ్చి మీ నాయనమ్మ బర్రెకు వేసిండు. పొద్దు గూకేసరికి అది రొప్పుడు పట్టింది. చిగుళ్లు నీలం తిరిగినయి. పశువుల దవాఖానా నుంచి మనిషి వచ్చేలోగా పడిపోయింది. దాని రక్తం ఎర్రగా లేదు బిడ్డా, గోధుమ రంగులో ఉంది. నేల నుంచి గడ్డి పీల్చుకున్న నైట్రేట్, వాన లేక ఎదుగుడు ఆగితే కాండంలోనే పోగవుతదని, పశువు కడుపులో అది నైట్రైట్ అయి రక్తానికి గాలి మోసే బలం లేకుండా చేస్తదని తర్వాత తెలిసింది. మీ బాపు ఆ రాత్రి కొట్టం గోడకు ఆనుకొని ఏడ్చిండు. మీసాలు కూడా సరిగా రాని పోరడు. ఈ సంగతి నేను చెప్పినట్టు వానితో అనకు, పాత పుండు.

మరుసటి ఏడు తొలకరికి, కుదుళ్లు చచ్చిన ఖాళీల్లో వయ్యారిభామ లేచింది, ఇక్కడి మరాఠీ వాళ్లు గాజర్ గవత్ అనేది. పిల్లిపెసర మళ్లీ కంటికి ఆనేసరికి చాలా ఏళ్లు పట్టింది.

ఎందుకట్లయిందో సగం నీ చదువు వల్లనే నాకు అర్థమైంది. ఎండాకాలమంతా ఎండిన నేల తొలి వానకు తడిసినప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు ఒక్కసారి మేలుకొని పాత ఆకు, పేడలోని నత్రజనిని విడుస్తయని సెలవులకు వచ్చినప్పుడు నువ్వే కదా చెప్పింది! అంటే మిరుగానికి నేల దగ్గర దాని బలం దానికి ఉంటది. పాత కుదురు అప్పటికి వేర్లలో దాచుకున్న బలంతో చిగురు వేస్తదే గాని, కొత్త వేర్లు ఇంకా పారి ఉండవు. అప్పుడు చల్లిన యూరియా తొందరగా మొలిచే కలుపుకే అందుతది. పిల్లిపెసర తన వేరుబుడిపెల్లో తనే నత్రజని తయారు చేసుకుంటది, చల్లిన ఎరువుతో దానికి లాభం లేదు, పక్కోని నీడతో నష్టం మాత్రం ఉంది.

ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం గడ్డి మడుల ముచ్చట కూడా నువ్వు చెప్పిందే. 1856 నుంచి చూస్తున్నరట. ఎరువు వేయని మడుల్లో 40 దాకా రకాలు, ఏటా అమ్మోనియం సల్ఫేట్ పడి నేల పులిసిన మడుల్లో రెండు మూడు. 2009లో స్విట్జర్లాండ్ వాళ్లు గడ్డి అడుగున దీపాలు పెట్టి వెలుతురిస్తే, ఎరువు పడ్డా అడుగు రకాలు బతికినయని అన్నవు. నేను చేతులతో ఒత్తి చూసిన చీకటి అదే. ఇవన్నీ తెలిసిన పిల్లవు దుకాణపోని మాట విని మిరుగానికి బస్తాలు చెప్పి పెట్టడమేంది! కోపమొచ్చి ఈ మాట రాస్తున్న, ఏమనుకోకు. నువ్వు తోడుంటే మీ బాపుకు పదేళ్ల ఆయుష్షు.

ఇప్పుడు చేసేది విను. ఆరుద్ర, పునర్వసు కార్తెలు పోనీ, గడ్డిని దాని మానాన లేవనీ. పుష్యమిలో తొలి కోత కొయ్యి. నేలకు వెలుతురు తగులుతది, అప్పటికి పిల్లిపెసర కాలూనుకొని ఉంటది. ఆ కోత మొదళ్ల మీద, నేల తడిగా ఉండి జల్లు పడేటట్టున్న రోజు, ఎకరానికి పావు బస్తాకు మించకుండా చల్లు. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైనే, తక్కువేం కాదు. జల్లు పడక నేల మీదనే ఉండిపోతే అమ్మోనియా అయి గాలికి పోతది, కుండపోత ముందు వేస్తే ప్రాణహితలో కలుస్తది. యూరియా గింజలకు వేపనూనె పూసి ఉందని ధీమా వద్దు. ఉత్తర కార్తె దాటినంక అసలే వద్దు, అప్పుడు గడ్డి బలాన్ని వేర్లకు దించుకుంటది. పిల్లిపెసర దట్టంగా ఉన్న చోట గింజ కూడా పడనీయకు. ఒక పట్టె ఏమీ వేయకుండా విడిచిపెట్టు, రెండిట్లో ఏమేం మొలిచిందో ఏటా రాసి పెట్టుకో.

యూరియా పడ్డ జాగాలో మూడు వారాలు కోత వద్దు. వాన ఎగ్గొట్టి గడ్డి వాడితే ఇంకా ఆగు, ఆగలేకుంటే ఎండుగడ్డి కలిపి కొంచెం కొంచెంగా వెయ్యి. బస్తాలు కొట్టంలో పెట్టకు, పశువు నాకితే అదొక గండం. నైట్రేట్ విషానికి విరుగుడు మిథిలీన్ బ్లూ సూది దవాఖానాలో ఉందో లేదో మిరుగానికి ముందే అడుగు. లేదంటే తెప్పించమని చెప్పు, తెచ్చేదాకా వెంటపడు.

మీ అత్త