చెప్పుడు మాటలతో సరిపెట్టుకోకు

అమ్మా,

వ్యసన చికిత్సలోనూ మానసిక ఆరోగ్యంలోనూ పనిచేసే కౌన్సెలర్లకు కొత్తగా సూపర్‌వైజర్లు (అంటే వాళ్ల పనిని గమనించి దిద్దేవాళ్లు) కాబోతున్న పన్నెండు మందికి నిన్ను శిక్షణ ఇవ్వమన్నారని రాశావు. నువ్వు పంపిన రెండు రోజుల పాఠాల పట్టిక చూశాను. సిద్ధాంతాలన్నీ ఉన్నాయి. వినడానికి ఒక్క కౌన్సెలింగ్ సంభాషణ రికార్డింగు కూడా లేదు.

నా సంగతి చెబుతాను. సూపర్‌వైజర్‌నైన మొదటి రెండేళ్లూ నేను విన్నవన్నీ చెప్పుడు మాటలే. కౌన్సెలర్ వచ్చి ‘ఆయన మానడానికి సిద్ధంగా లేడండీ’ అనేవాడు. నేను తల పంకించి రెండు ఉపాయాలు చెప్పి పంపేవాణ్ని. ఒకసారి క్లయింటు సమ్మతితో చేసిన రికార్డింగు విన్నాను. ‘కూతురి ముందు పడిపోయిన రోజు తలచుకుంటే తల ఎత్తలేనండీ’ అన్నాడు క్లయింటు. మావాడు ఆ మాటను దాటేసి కాలేయం గురించి పావుగంట చెప్పాడు. అతను నాతో అబద్ధమేమీ ఆడలేదు. తన చెవిన పడని మాటను నాకెలా చెబుతాడు?

తర్వాత నేను చేసిన ఘనకార్యం ఇంకా గొప్పది. క్లయింటుకు ఉపన్యాసం ఇవ్వకూడదని ఆ కుర్రాడికి అరగంట ఉపన్యాసం ఇచ్చాను! క్లయింటుకూ కౌన్సెలర్‌కూ మధ్య జరిగేది కౌన్సెలర్‌కూ సూపర్‌వైజర్‌కూ మధ్య ప్రతిబింబిస్తుందని మనోవిశ్లేషకుడు హెరాల్డ్ సెర్ల్స్ 1955లోనే రాశాడు. నేనది చదివాను, పరీక్షలో రాశాను కూడా. గురివింద గింజకు తన నలుపు తెలియదు కదా.

తెలిసీ చెప్పనివి వేరే ఉంటాయి. 1996లో నికొలస్ లడానీ బృందం శిక్షణలో ఉన్న థెరపిస్టులను అడిగితే, సూపర్‌వైజర్ దగ్గర ఏదో ఒకటి దాచామని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. సూపర్‌వైజర్ మీద అయిష్టం, తాము చేసిన పొరపాట్లు అందులో ముఖ్యమైనవి. మార్కులు వేసే మనిషి ముందు తప్పులు విప్పి చెప్పడం ఎవరికి మాత్రం సులువు? అందుకే రికార్డింగు అడిగే ముందే అది దేనికి వాడతారో, మదింపులోకి ఏది వస్తుందో, ఏది రాదో కాగితం మీద రాసి ఇవ్వమను.

ఇక నీ రెండు రోజుల సంగతి. మారాలన్న కోరికను క్లయింటు నోటే పలికించే సంభాషణ పద్ధతి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. దానికి ఆద్యుడైన విలియం మిల్లర్ తన శిక్షణనే పరీక్షకు పెట్టుకున్నాడు. 2001లో వెలువడిన ఆ చిన్న అధ్యయనంలో, వర్క్‌షాపుకు వచ్చినవాళ్లు తాము బాగా నేర్చుకున్నామనే అనుకున్నారు. రికార్డింగులు వింటే మార్పు కొంచెమే కనబడింది, క్లయింట్ల మాటతీరైతే మారనే లేదు. 2004లో 140 మందితో చేసిన అధ్యయనంలో, వర్క్‌షాపు తర్వాత కూడా రికార్డింగుల మీద అభిప్రాయమో, కోచింగో, రెండూనో అందినవాళ్లలో నైపుణ్యం నిలిచింది. సూపర్‌వైజర్లకు మాత్రం రెండు రోజులు చాలుతాయని ఎలా అనుకుంటాం? ఆ పన్నెండు మందీ తమ కౌన్సెలర్లతో మాట్లాడిన రికార్డింగులు ఆరు నెలల పాటు నీకు తెచ్చి వినిపించాలి. దీనికి పైవాళ్లు ఒప్పుకోకపోతే ఆ రెండు రోజులు కూడా దండగే.

గంటసేపూ వినక్కర్లేదు. పది నిమిషాలు కౌన్సెలర్ ఎంచుకున్నవి, ఐదు నిమిషాలు సూపర్‌వైజర్ ఎక్కడో అక్కడ ఆపి తీసినవి చాలు. నార్మన్ కేగన్ 1960లలో రూపొందించిన పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టం: రికార్డింగు ఆపి, ‘ఆ క్షణంలో నీ మనసులో ఏముంది?’ అని అడగడం. అడిగాక నోరు మూసుకోవడమే కష్టం. ఎవరు ఎంతసేపు మాట్లాడారో గడియారం చూసి లెక్కవేయించు. ఆ లెక్క చూశాక నువ్వు వేరే వ్యాఖ్య చేయనక్కర్లేదు.

సూపర్‌వైజర్‌కు జానీన్ బెర్నార్డ్ 1979లో చెప్పిన మూడు పాత్రలు, అంటే బోధకుడు, కౌన్సెలర్, సలహాదారు, నీ పట్టికలో ఉన్నాయి. వాటిలో రెండోదానితో జాగ్రత్త. ఈ రంగంలో తామూ ఒకప్పుడు వ్యసనం నుంచి బయటపడ్డ కౌన్సెలర్లు చాలామంది ఉంటారు. అది వాళ్ల బలమే, ‘నేనెలా మానానో నువ్వూ అలాగే’ అనడం మొదలుపెట్టనంత వరకు. వాళ్లలో ఒకరు మళ్లీ తాగడం మొదలుపెడితే సూపర్‌వైజర్ వైద్యుడి అవతారం ఎత్తకూడదు. ముందు క్లయింట్లకు రక్షణ, ఆ మనిషికి వేరేచోట చికిత్స. ఆ నియమం పనిలో చేరిన రోజే తెలిసి ఉండాలి.

కౌన్సెలర్ తానుగా చెప్పేదాకా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. విపరీతంగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మూర్ఛలు, మతి చలించడం వంటివి ప్రాణం మీదికి తేవచ్చు, వైద్యుడు చూడాలి. ఓపియాయిడ్లు (హెరాయిన్, మార్ఫిన్ వంటి మత్తుమందులు) కొంతకాలం మానినవాడి శరీరం పాత మోతాదును తట్టుకోలేదు, చికిత్స ముగించి బయటికి వెళ్లిన తొలి వారాలే ఎక్కువ ప్రమాదం. ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ‘ఈ వారం నిన్ను భయపెట్టిన క్లయింటు ఎవరు?’ అని ప్రతి సమావేశంలోనూ అడగమని చెప్పు.

మొదటి రోజు పొద్దున్నే నీ రికార్డింగే పెట్టు. కౌన్సెలర్ అనుమతి తీసుకుని, క్లయింటు ఆనవాళ్లన్నీ తీసేసి, నువ్వు తడబడ్డదే పెట్టు. దొరక్కపోతే నాకు కబురు చెయ్యి. నా అరగంట ఉపన్యాసం నాకింకా కంఠతా వచ్చు. వచ్చి అప్పజెబుతాను.

ఆశీస్సులతో,
నీ పాత సూపర్‌వైజర్